సైనికులకు మేసన్ లాడ్జి: తలుపు బయట వినేవి, లోపల ఉండేవి

డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, విశాఖ బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నివాళి అర్పించి బస్సులో ఇంటికి వస్తున్నాను. మా మల్కాపురం వీధి కుర్రవాడు పక్క సీటులో కూర్చున్నాడు. నౌకాదళంలో చేరి మూడేళ్లయింది, సెలవు మీద వచ్చాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు: "మావయ్య గారూ, మీరు మేసన్లలో ఉన్నారట కదా. అందులో చేరితే కోరిన చోటికి పోస్టింగు వస్తుందట, నిజమేనా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మేసన్లు, అంటే ఫ్రీమేసన్లు, నడవడిని సరిచూసుకోవడానికి, ఒకరికొకరు తోడుండడానికి కలిసే ఒక సోదర సంఘం. అందులో ఒక్కో శాఖను లాడ్జి అంటారు. యూనిఫారం విడిచాక పదకొండేళ్లుగా ఈ ఊళ్లోనే ఒక లాడ్జిలో సభ్యుడిని. అందులో ఐదేళ్లుగా అల్మోనర్ పని చేస్తున్నాను. జబ్బు పడ్డ సభ్యులను, చనిపోయిన సభ్యుల కుటుంబాలను కనిపెట్టుకుని ఉండడం అల్మోనర్ బాధ్యత. ఆ రోజు మా స్టాపు వచ్చేలోపు కుర్రవాడికి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లాడ్జిలో చేరితే బదిలీలు, పదోన్నతులు చేతిలో ఉంటాయి.

ఉండవు. నావికుల బదిలీలు చూసేది ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. ఏ ఓడలో ఏ విభాగానికి ఎవరు కావాలి, ఎవరు ఎన్నాళ్లు సముద్రం మీద చేశారు, ఎవరికి తీరం మీద వంతు వచ్చింది అన్న లెక్క మీద అది నడుస్తుంది. లాడ్జికి దానితో సంబంధం లేదు. సభ్యత్వం కోరేవారు డబ్బు ఆశతోనో, స్వలాభం కోసమో రావడం లేదని తమ నోటితో చెప్పాలి. ఆ మాట అబద్ధమని తేలిన దరఖాస్తును నేను స్వయంగా వ్యతిరేకించాను. ఒక మేసన్ పై అధికారి మరో మేసన్‌కు అనుచితంగా సాయం చేశాడంటే అది మేసన్ ధర్మం కాదు, నేరం. దాన్ని దాచమని మా నియమాల్లో ఎక్కడా లేదు.

అపోహ: సైనిక లాడ్జి అంటే సైన్యం నడిపే రహస్య విభాగం.

మన ఊళ్లో లాడ్జి అనగానే ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల గదులు అద్దెకిచ్చే భవనాలు గుర్తుకొస్తాయి. మేసన్ల వాడుకలో లాడ్జి అంటే భవనం కాదు, ఒక వారెంటు కింద సమావేశమయ్యే మనుషులు. వారెంటు అంటే లాడ్జిలన్నిటికీ పైన ఉండే గ్రాండ్ లాడ్జి ఇచ్చే అనుమతి పత్రం. సైనిక లాడ్జిల చరిత్ర అంతా ఈ చిన్న విషయం మీదే నిలబడింది.

లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో ఏర్పడిందని మేసన్లు లెక్కిస్తారు. లాడ్జి ఒక ఊరికి కట్టుబడి ఉంటే, నేడు ఇక్కడ రేపు ఇంకెక్కడో ఉండే పటాలానికి దానితో ఉపయోగం లేదు. 1732లో ఐర్లాండ్ గ్రాండ్ లాడ్జి ఒక పదాతి రెజిమెంటుకు ఊరి పేరు లేని వారెంటు ఇచ్చింది. రెజిమెంటు ఎక్కడికి కదిలితే లాడ్జి అక్కడికే. పెట్టెలో వారెంటు, మూలమట్టం, వృత్తలేఖిని పెట్టుకుని సామాన్లతో పాటు మోసుకుపోయేవారు. గుడారంలోనో సత్రంలోనో సమావేశం జరిగేది. మేసన్రీ సముద్రాలు దాటి అన్ని దిక్కులకూ పాకడంలో ఈ సంచార లాడ్జిల పాత్ర పెద్దది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదంతం బోస్టన్‌ది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలవడానికి కొన్ని వారాల ముందు, 1775 మార్చి 6న, ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి వ్యక్తి మరో పద్నాలుగు మందితో కలిసి మేసన్ అయ్యాడు. ఆ ఊరి లాడ్జిలు నల్లవారికి తలుపు తెరవని కాలమది. వారిని చేర్చుకున్నది బ్రిటిష్ సైన్యంలోని 38వ రెజిమెంటుతో తిరిగే 441వ నంబరు ఐరిష్ లాడ్జి. పటాలం వెళ్లిపోయింది, ఆ పదిహేను మంది ఉండిపోయారు. 1784లో ఇంగ్లాండ్ నుంచి సొంత వారెంటు తెచ్చుకున్నారు. ప్రిన్స్ హాల్ పేరుతో ఆ శాఖ నేటికీ అమెరికాలో నడుస్తోంది.

ఇంగ్లాండ్‌లో సైనికులు, మాజీ సైనికులు ఎక్కువగా ఉండే లాడ్జిలు ఇప్పటికీ ఉన్నాయి. అవి ఒక బృందంగా ఏర్పడి ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లి వస్తుంటాయి. 1896లో ఏర్పడిన నేవీ లాడ్జి 2612లో రాజు ఆరవ జార్జి, తర్వాత 1952లో ప్రిన్స్ ఫిలిప్ చేరారు. వీటిలో ఏదీ సైన్యంలో భాగం కాదు. మా లాడ్జి విషయానికొస్తే, అది సైనిక లాడ్జి కూడా కాదు. డాక్టర్లు, పోర్టు ఉద్యోగులు, వ్యాపారులు, మా లాంటి మాజీ సైనికులు కలిసి కూర్చుంటాం. నా మటుకు అదే మంచిదనిపిస్తుంది. ఇరవై ఏళ్లు మనవాళ్ల మధ్యే బతికి బయటికి వచ్చినవాడికి, ఊరి మనుషులతో మళ్లీ కలిసే చోటు కావాలి.

అపోహ: లాడ్జిలో మొదటి నుంచీ అందరూ సమానమే.

ఈ మాట మావాళ్లే ఎక్కువగా చెబుతారు. సగమే నిజం. 1815 నాటి ఇంగ్లాండ్ నియమావళి ప్రకారం, కమాండింగ్ అధికారి ఒప్పుకోనిదే సైనిక లాడ్జికి వారెంటు లేదు. కార్పోరల్ కన్నా కింది సైనికుడిని ప్రత్యేక అనుమతి లేకుండా పూర్తి సభ్యుడిగా చేర్చుకోరాదు. సేవకులుగా మాత్రం తీసుకోవచ్చు. మన దేశంలో హిందువులకు తలుపు తెరవడానికి పట్టిన కాలం చూడండి. కలకత్తాలో 1730 నాటికే లాడ్జి ఉంది. అదే ఊళ్లో ప్రసన్న కుమార్ దత్ 1863లో దరఖాస్తు పెట్టుకుని తొమ్మిదేళ్లు పోరాడాడు. 1872లో గానీ ఆయనను లోపలికి రానివ్వలేదు. ఆయన చేరిన యాంకర్ అండ్ హోప్ లాడ్జిలోనే 1884లో నరేంద్రనాథ్ దత్తా చేరాడు. ఆ యువకుడే తర్వాత వివేకానంద స్వామి. సమానత్వం ఈ సంస్థకు పుట్టుకతో రాలేదు. అడిగి, ఆగి, మళ్లీ అడిగినవారు దాన్ని సాధించి పెట్టారు. చరిత్ర చెప్పేటప్పుడు ఈ భాగం వదిలేయడం అన్యాయం.

ఇప్పటి సంగతి వేరు. నేను చేరిన మొదటి సంవత్సరం మా మాస్టర్, అంటే లాడ్జి అధ్యక్షుడు, ఒక గుమాస్తా. ఆయన సుత్తి కొడితే, ఒకప్పుడు ఓడకు కమాండ్ వహించిన అధికారి నోరు మెదపకుండా కూర్చునేవారు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ సెల్యూట్ చేసిన అధికారి, భోజనాల దగ్గర నాకు సాంబారు వడ్డించారు. గేటు దాటాక నేను ఆయనను మళ్లీ 'సార్' అనే పిలుస్తాను. అది మర్యాద. లోపల కూర్చున్నప్పుడు మాత్రం ఇద్దరమూ సోదరులమే.

అపోహ: అదొక మతం, దెయ్యాల పూజ.

దేవుడి మీద నమ్మకం ఉండాలి, ఏ దేవుడన్నది అడగరు. భారత గ్రాండ్ లాడ్జి చిహ్నంలో ఐదు పవిత్ర గ్రంథాలున్నాయి: భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ సాహిబ్, జెంద్ అవెస్తా. ఎవరి గ్రంథం మీద వారు ప్రమాణం చేస్తారు. మత చర్చ, రాజకీయ చర్చ లోపల నిషిద్ధం. మేసన్ అంటే మన తాపీ మేస్త్రి. మూలమట్టంతో మూల సరిచూసినట్టు నడవడిని సరిచూసుకోమని ఆ పరికరాలను గుర్తులుగా వాడతారు. తలుపు బయట కత్తి పట్టుకుని నిలబడే కాపలాదారును టైలర్ అంటారు. దెయ్యాల కథలన్నీ ఆ మూసిన తలుపును చూసి పుట్టినవే.

అపోహ: సర్వీసులో ఉన్నవారు ఎవరికీ చెప్పకుండా చేరవచ్చు.

దయచేసి ఈ పని చేయకండి. ఆ కుర్రవాడికి నేను గట్టిగా చెప్పింది ఇదే. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాల వారి హక్కులకు పరిమితులు పెట్టే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. నౌకాదళ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం, సాయుధ దళాల్లో భాగంగా గుర్తింపు లేని సంఘంలో గానీ, కేవలం సాంఘిక, వినోద, మతపరమైనది కాని సంఘంలో గానీ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా సభ్యులుగా ఉండరాదు. ఒక సంఘం ఆ కోవలోకి వస్తుందా రాదా అన్న ప్రశ్న వస్తే తుది మాట కేంద్రానిదే. ఆర్మీ నియమాలు, 1954లోని 19వ నియమం కూడా ఇలాంటిదే. మేసన్ లాడ్జి కేవలం సాంఘికమేనని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. కమాండింగ్ అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. ఆ కాగితం లేకుండా రమ్మనే లాడ్జి ఏదైనా ఉంటే దానికి దూరంగా ఉండండి.

మేసన్ ప్రమాణం సైనిక ప్రమాణం కన్నా పెద్దదన్న మాట కూడా తప్పే. 1723లో అచ్చయిన మొట్టమొదటి నియమావళే మేసన్ ప్రభుత్వానికి లోబడి శాంతంగా నడిచే పౌరుడని చెప్పింది. మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961 నవంబరు 24న ఢిల్లీలో ఏర్పడింది. అంతవరకు ఇక్కడి లాడ్జిలు ఇంగ్లాండ్, ఐర్లాండ్, స్కాట్లాండ్ గ్రాండ్ లాడ్జిల కింద ఉండేవి. మనవాళ్లు విదేశీ పెత్తనం కింద ఉన్నారనేవారు ఈ తేదీని గుర్తు పెట్టుకోవాలి.

అపోహ: మనిషి పోయాక లాడ్జికి ఆ ఇంటితో పని లేదు.

నా పనంతా ఇక్కడే మొదలవుతుంది. మా సభ్యుడు, మాజీ నావికుడు ఒకాయన పోయినప్పుడు ఆయన భార్యకు కుటుంబ పెన్షన్ ఆగింది. సర్వీసు రికార్డులో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంది. ఒకే ఒక్క అక్షరం తేడా. ఆమె చదువుకున్నది ఐదో తరగతి. ఏ కాగితం ఎవరికి పంపాలో తెలియక నాలుగు నెలలు ఇంట్లోనే కూర్చుంది. నేను ఆమెతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాను. అఫిడవిట్ రాయించాం, రికార్డు సవరణకు పంపాం, స్పర్శ్ అనే సైనిక పెన్షన్ల పోర్టల్‌లో వివరాలు సరిచేయించాం. లాడ్జి ఆమెకు డబ్బు ఇచ్చింది, కానీ అది కొద్ది మొత్తమే. ఆమెకు ఎక్కువ అక్కరకొచ్చింది పక్కన కూర్చుని ఫారం నింపే మనిషి.

ఈ పనికి మేసన్ కానక్కరలేదు, ఎవరైనా చేయవచ్చు. లాడ్జి చేసేదల్లా ఈ పనిని ఒక మనిషికి అప్పగించి, ప్రతి సమావేశంలోనూ లేపి నిలబెట్టి 'ఎవరిని చూశావు, ఎవరిని చూడలేదు' అని అడగడం. మా గ్రాండ్ లాడ్జి స్త్రీలకు సభ్యత్వం ఇవ్వదు. అనీ బిసెంట్ 1902లో ఇంగ్లాండ్‌లో మొదలుపెట్టిన, స్త్రీ పురుషులిద్దరూ ఉండే కో-మేసన్రీని మావారు గుర్తించరు. నేను చూసుకునే పేర్లలో ఎక్కువ మంది స్త్రీలే కాబట్టి, ఈ తలుపు కూడా తెరుచుకోవాలని నేను కోరుకుంటాను.

నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల నెల. అది సమర్పించకపోతే పెన్షన్ ఆగుతుంది. నా పుస్తకంలో ఈసారి ఏడు పేర్లున్నాయి. గాజువాకలో ముగ్గురు, కంచరపాలెంలో ఇద్దరు, ఎన్ఏడీ దగ్గర ఒకరు, భీమిలిలో ఒకరు. భీమిలి ఆవిడకు వేలిముద్రలు పడవు, కంటిపాపతో ప్రయత్నించాలి. అందుకని ఆవిడ దగ్గరికే ముందు వెళతాను.