కామెర్లంటే సరిపోదు, ఏ వైరసో తేలాలి

కళ్లు పచ్చబడగానే కామెర్లు అనేస్తాం. కామెర్లు జబ్బు పేరు కాదు, లక్షణం. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగిందని చెబుతుందే తప్ప ఎందుకు పెరిగిందో చెప్పదు. కారణం హెపటైటిస్ వైరస్ అయితే అది ఎ, బి, సి, డి, ఇ లలో ఏదో తేలాలి, ఎందుకంటే ఈ ఐదూ ఒక్క కుటుంబానివి కావు, లివర్‌ని పట్టుకోవడం ఒక్కటే వీటికి ఉమ్మడి.

ఎ, ఇ ముఖ్యంగా కలుషితమైన నీళ్లు, తిండితో నోటి ద్వారా వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. గర్భిణులకు మాత్రం, అందులోనూ చివరి నెలల్లో, ఇ ప్రాణం మీదికి తెస్తుంది. వీటిని పట్టుకునేది ఐజీఎం యాంటీబాడీ టెస్టు, అంటే వైరస్ కొత్తగా సోకినప్పుడు ఒళ్లు తయారుచేసుకునే రక్షణ ప్రొటీన్‌ని వెతికే టెస్టు.

నాకు ఎక్కువ భయం బి, సి అంటేనే. చాలామందికి కళ్లు పచ్చబడవు, నొప్పి ఉండదు, ఏళ్లు గడిచాక సిర్రోసిస్‌గానో (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) క్యాన్సర్‌గానో బయటపడతాయి. రెండూ రక్తం ద్వారా సోకుతాయి. బి అయితే లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుంది. ఎండిన రక్తపు మరకలో బి వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది, కాబట్టి ఇంకొకరి రేజరు వాడకండి. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా అదే పోతుంది. పుట్టినప్పుడే సోకితే 10 మందిలో 9 మందికి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే బిడ్డకు 24 గంటల్లోపు టీకా వేయాలనేది. బి లేనిదే డి బతకలేదు, ఆ టీకా దాన్నీ ఆపేస్తుంది.

రిపోర్టులో పొరపడేది ఇక్కడే. హెచ్‌బీఎస్ యాంటీజెన్ (బి వైరస్ పైపొర ప్రొటీన్) పాజిటివ్ అంటే బి వైరస్ ఒంట్లో ఉన్నట్టు, 6 నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలికమైనట్టు. యాంటీ-హెచ్‌బీఎస్ (దాని మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ) పాజిటివ్ అంటే మామూలుగా రక్షణ ఉన్నట్టు. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండోది చూసి కూడా టెన్షన్ పడతారు. అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ 1960లలో ఆ హెచ్‌బీఎస్ యాంటీజెన్‌ని ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో గుర్తించాడు, 1976లో నోబెల్ అందుకున్నాడు.

సి దగ్గర లెక్క వేరు. యాంటీ-హెచ్‌సీవీ (సి వైరస్ మీద వచ్చే యాంటీబాడీ) పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు సోకిందనే. ఇప్పుడు ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ టెస్టు (రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికేది) తేలుస్తుంది. ఉంటే ఎక్కువమందికి 8 నుంచి 12 వారాల మాత్రలతో నయమవుతుంది, మందులు ఆపిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే వైరస్ పోయినట్టే. యాంటీబాడీ మాత్రం తర్వాత కూడా పాజిటివ్‌గానే వస్తుంటుంది, కాబట్టి ఆ పాత ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి.