చట్టం వస్తే చాలా? అనంతపురం కోర్టు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను అనంతపురంలో సివిల్ కేసులు చూసే లాయర్ని. నా దగ్గరికొచ్చే దావాల్లో భూమి తగాదాలే ఎక్కువ, అందులోనూ ఆడపిల్లల వాటా కేసులు. చట్టం సమాజాన్ని మారుస్తుందా, లాయర్ల వల్ల ఏమన్నా అవుతుందా అని లా చదివే పిల్లలూ, పొదుపు సంఘాల ఆడవాళ్లూ నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్నల వెనక కొన్ని గట్టి నమ్మకాలు ఉంటాయి. వాటిలో కొన్ని మనుషులకు నిజంగా నష్టం చేస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: చట్టం చేస్తే పాత ఆచారం దానంతటదే పోతుంది.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకు కూడా హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారాలను మాత్రం ఇప్పుడు కదిలించలేం. తండ్రి సొంతంగా సంపాదించింది ఆయన ఎవరికైనా వీలునామా రాసి ఇవ్వొచ్చు. మిగతా విషయాల్లో కాగితం మీద అనుమానానికి తావు లేదు.

ఇప్పుడు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరైనా ఒక పూట నిలబడి చూడండి. తండ్రి దినాలు అయిన కొన్నాళ్లకు ఆడబిడ్డను పిలిపిస్తారు. "అక్కా, ఇక్కడొక సంతకం పెట్టు, బ్యాంకు లోనుకు కావాలంట" అంటాడు తమ్ముడు. డాక్యుమెంట్ రైటర్ దగ్గర విడుదల పత్రం అప్పటికే టైపై ఉంటుంది. నా వాటాకు తగిన ప్రతిఫలం ముట్టింది, ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని అందులో రాసి ఉంటుంది. దాన్ని ఆమెకు చదివి వినిపించేవాళ్లు ఉండరు. మెషీన్ మీద బొటనవేలు, ఒక ఫోటో, ఇద్దరు సాక్షులు, అంతే. తర్వాత హోటల్లో భోజనం పెట్టించి, ఒక చీర చేతిలో పెట్టి బస్సెక్కిస్తారు. అయిదెకరాల మెట్టలో ఆమె భాగం ఆ పూటతో పోతుంది.

అంత దూరం కూడా రానక్కర్లేని ఇళ్లున్నాయి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పెట్టే అర్జీలోనే పెళ్లయిన కూతుళ్ల పేర్లు రాయరు. పాస్‌బుక్ అన్నదమ్ముల పేరు మీదికి మారిపోతుంది. పంట నష్టపరిహారమూ, ఇన్సూరెన్సూ వాళ్ల ఖాతాల్లోకే పోతాయి.

"పెళ్లికి పసుపు కుంకుమ కింద ఇచ్చినాం కదా" అనే మాట చట్టం వచ్చి ఇన్నేళ్లయినా వినబడుతూనే ఉంది. చట్టప్రకారం ఆ మాటకు బలం లేదు. పెళ్లికి పెట్టిన ఖర్చు వాటా కిందికి రాదు. వాటా పంచి ఇచ్చినట్టు పత్రం ఉంటే చూపించాలి.

అపోహ: విదేశాల్లో ఈ సమస్యలు ఎప్పుడో తీరిపోయాయి, మనమే వెనకబడ్డాం.

దక్షిణాఫ్రికాలో తండ్రి చనిపోతే ఇద్దరు చిన్న ఆడపిల్లలను పక్కకు పెట్టి, ఆచారం ప్రకారం ఇల్లు తాతకు చెందుతుందన్నారు. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2004లో ఆ ఆచారాన్ని కొట్టేసింది. బోట్స్వానాలో ఎడిత్ ముసి అనే పెద్దావిడ, ఆమె తోబుట్టువులు పుట్టింటిని దశాబ్దాలుగా చూసుకుంటూ వచ్చారు. మగ వారసుడి వైపు నుంచి వచ్చిన బంధువు ఆ ఇల్లు తనదన్నాడు. ఆ అక్కచెల్లెళ్లు కోర్టు తర్వాత కోర్టు తిరిగి చివరికి 2013లో అప్పీలు కోర్టులో గెలిచారు. అప్పటికి ఎడిత్ వయసు దాదాపు 80 ఏళ్లు. ఆ తీర్పు నాకు చాలా ఇష్టం. ఆచారం రాయిలా ఉండదు, కాలంతో మారుతుంది అని అక్కడి జడ్జీలు అన్నారు. ఆడబిడ్డ వాటా విషయంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అంతకు పాతికేళ్ల పైనే ముందుంది. మనకు చట్టం తక్కువ కాలేదు.

అపోహ: తీర్పు వచ్చిందంటే కేసు గెలిచినట్టే.

నా క్లయింట్లు అందరికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. భాగం దావాలో మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. నీకు మూడింట ఒక వాటా ఉంది అని అది చెబుతుంది, అంతవరకే. ఏ గట్టు దగ్గర నుంచి ఏ గట్టు దాకా నీదో చెప్పడానికి ఫైనల్ డిక్రీ కావాలి, దానికి మళ్లీ పిటిషన్ వేయాల్సి వచ్చేది (వేరే పిటిషన్ లేకుండానే కోర్టు ముందుకు పోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది). కోర్టు అడ్వొకేట్ కమిషనర్ను నియమిస్తుంది, ఆయన సర్వేయర్ను తీసుకుని పొలానికి పోతాడు. హద్దు రాళ్లు కనిపించవు. బోరు ఎవరి భాగంలోకి రావాలన్న దగ్గర గొడవ మొదలవుతుంది, ఎందుకంటే మన జిల్లాలో నీళ్లు లేని భూమికి విలువే లేదు. ఫైనల్ డిక్రీ వచ్చాక స్వాధీనం కోసం ఇ.పి., అంటే డిక్రీ అమలు పిటిషన్, వేయాలి. ప్రిలిమినరీ డిక్రీ కాపీని బీరువాలో దాచుకుని, గెలిచామనుకుని ఏళ్లు గడిపిన ఆడవాళ్లు ఉన్నారు.

దేశాల స్థాయిలోనూ జరిగేది ఇదే. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో బ్రౌన్ కేసులో చెప్పింది. పదేళ్లు గడిచినా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఒకరు చొప్పునే ఉన్నారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చి, వివక్ష చూపే బడులకు కేంద్ర నిధులు ఆపేయొచ్చు అన్నాకే లెక్క గబగబా మారింది. ఆ చట్టం రావడానికి వీధుల్లో ఎంతమంది దెబ్బలు తిన్నారో తెలిసిందే.

దక్షిణాఫ్రికా ఉదాహరణ నేను జూనియర్లకు తప్పకుండా చెబుతాను. ఇరీన్ గ్రూట్‌బూమ్ కేసులో 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వ గృహనిర్మాణ పథకాన్ని తప్పుపట్టింది. ఆ తీర్పును ప్రపంచమంతటా లా కాలేజీల్లో పాఠంగా చెబుతారు. ఆమె మాత్రం సొంత ఇల్లు రాకుండానే 2008లో గుడిసెలో చనిపోయింది. అదే కోర్టు 2002లో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవి సోకకుండా నెవిరపిన్ మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఇవ్వాలని తీర్పిచ్చింది, ఆ మందు జనానికి అందింది. కోర్టు అదే, రాజ్యాంగం అదే, మధ్యలో గడిచింది రెండేళ్లు కూడా లేదు. తేడా ఏమిటంటే రెండో కేసు వెనక ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే సంఘం ఉంది. తీర్పుకు ముందు ఊరేగింపులు తీసింది, తీర్పు తర్వాత కూడా ప్రభుత్వం వెంట పడి అమలు చేయించింది. నా అభిప్రాయంలో లాయర్లు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఈ పని.

అపోహ: మార్పు తెచ్చేది పెద్ద లాయర్లు.

బ్రౌన్ కేసు అనగానే దాన్ని వాదించిన లాయర్ థర్‌గుడ్ మార్షల్ పేరు చెబుతారు. ఆయనకు పాఠం చెప్పిన చార్ల్స్ హ్యూస్టన్ 1930లలోనే ఒక్కో కేసును ఎంచుకుని, ముందు లా కాలేజీ ప్రవేశాలతో మొదలుపెట్టి దారి వేశాడు. ఆ తీర్పు చూడకుండానే 1950లో చనిపోయాడు. మాంట్‌గోమరీలో (ఇదీ అమెరికాలోనే) సిటీ బస్సుల్లో నల్లవాళ్ల పట్ల వివక్ష మీద వేసిన కేసులో వాదులు ఆడవాళ్లు, వాళ్లలో క్లాడెట్ కాల్విన్ బస్సులో అరెస్టయ్యేనాటికి ఆమెకు 15 ఏళ్లు. లాయర్ ఫ్రెడ్ గ్రే వాదించాడు, నిజమే. ఊరిలోని నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కకుండా నడిచి పనులకు పోయారు. ఆ నడకను వేరుచేసి కేసు గురించి చెప్పడం సరికాదు.

మన దగ్గర బాలగోపాల్ గారు గణితం ప్రొఫెసర్‌గా ఉండి, హక్కుల పనిలో ఏళ్లు గడిపాక లాయర్ అయ్యారు. ముందు ఊరికి పోయి, మనుషులను కలిసి, నిజం రాసుకుని, ఆ తర్వాత కోర్టుకు పోయేవారు. మా వృత్తిలో చాలామంది చేసేది దీనికి తలకిందులు.

అపోహ: చట్టం ఎప్పుడూ బలహీనుల పక్షమే.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసింది. తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ దాన్ని అమలు చేశారు. మన ప్రాంతపు ఎరుకల కుటుంబాలు ఆ ముద్ర మోశాయి. 1952లో దాన్ని దేశమంతటా రద్దు చేశారు. దొంగతనం జరిగితే ముందు ఎవరి ఇంటి తలుపు తడుతున్నారో పోలీసు స్టేషన్ దగ్గర కూర్చుంటే ఇప్పటికీ తెలుస్తుంది.

అపోహ: కోర్టుకెక్కితే పుట్టిల్లు పోతుంది.

"అన్నదమ్ముల మీద దావా వేస్తే పండక్కి ఎట్ల పోయేది మేడమ్?" అని అడిగినప్పుడు ఏమీ కాదని నేను చెప్పను. కొన్ని ఇళ్లలో రాకపోకలు ఆగిపోతాయి. కానీ చాలాచోట్ల నోటీసు పోయాకే మాటలు మొదలవుతాయి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది.

అపోహ: డబ్బున్నవాళ్లకే లాయర్.

న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, కోర్టు ఖర్చులు కూడా సంస్థే భరిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. వచ్చేటప్పుడు ఆధార్, తండ్రి మరణ ధ్రువపత్రం, భూమి రికార్డులైన 1బి, అడంగల్ కాపీలు తెచ్చుకోండి. అవి లేకపోయినా సర్వే నంబరు తెలిస్తే చాలు.

విడుదల పత్రం మీద సంతకం పెట్టమని పిలుపు వస్తే ఆఫీసుకు పోయే ముందే రండి. ఇప్పటికే పెట్టి ఉంటే, మోసంతో పెట్టించారని మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు రద్దు దావా వేయాలి. మోసం జరిగిందని నిరూపించే భారం మీ మీదే ఉంటుంది. ఆ రోజు మీతో ఎవరు వచ్చారు, చదివి వినిపించారా లేదా, డబ్బు ఏమన్నా ముట్టిందా అనేవి ఇంటికి పోగానే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.