ఆ రేకు డబ్బాలో ఈకల పురుగులు

చిట్టీ, బుజ్జిగా,

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నా బీరువాలోంచి ఆ చిన్న రేకు డబ్బా తీశారు కదా మీరిద్దరూ, మూత తియ్యగానే నిజం పురుగులనుకుని చిట్టి వెనక్కి గెంతింది, బుజ్జిగాడేమో "తాతయ్యా ఇవి గాలాలే కదా, మరి ఎర ఏదీ" అని అడిగాడు. ఇంటినిండా చుట్టాలు, సరిగ్గా చెప్పలేకపోయా. ఆ ప్రశ్న ఇప్పటిదాకా నా మనసులో తిరుగుతూనే ఉంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, అర్థంకాని చోట అమ్మని అడగండి.

ఎర అదేరా బుజ్జీ. కొక్కేనికి ఈకలు, జింక వెంట్రుకలు, పట్టుదారం చుట్టి నీళ్ల మీద ఎగిరే పురుగులా చేస్తారు, దాన్నే ఫ్లై అంటారు, దానితో చేపలు పట్టడం ఫ్లై ఫిషింగ్. మన కాలవలో వేసే గాలానికి ఎర బరువు, సీసం గుండు బరువు ఉంటాయి కాబట్టి విసిరితే వెళ్లి పడుతుంది, ఫ్లైకి అసలు బరువే ఉండదు, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని దారాన్నే లావుగా బరువుగా తయారుచేస్తారు, చర్నాకోల ఝళిపించినట్టు ఆ దారాన్ని వెనక్కీ ముందుకీ ఆడిస్తే దారం వెళ్తూ వెళ్తూ చివరున్న పురుగుని మెల్లిగా నీళ్ల మీద దించుతుంది. ఆ చివర మాత్రం సన్నటి దారం, చేపకి కనపడకూడదు కదా. దానికి 4ఎక్స్, 5ఎక్స్ అని నంబర్లుంటాయి, 11లోంచి ఆ అంకె తీసేస్తే మిగిలింది అంగుళంలో అన్ని వెయ్యో వంతుల మందం, అంటే 5ఎక్స్ అంటే వెయ్యిలో 6 వంతులు. ఈ లెక్క నాకు చెప్పింది కాలేజీలో కాదు, షాపులో.

ఆ షాపు సంగతే చెబుదామని ఈ ఉత్తరం.

నేను 1975లో చదువుకోడానికి అమెరికాలో మోంటానా రాష్ట్రం వెళ్లా, బోజ్‌మన్ అనే ఊరు, చుట్టూ కొండలు, ఏడాదిలో సగం మంచు. అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో కొండ కనుమ దాటితే లివింగ్‌స్టన్, యెల్లోస్టోన్ నది పక్కనే. రైల్వే స్టేషన్‌కి ఎదురుగా పార్క్ స్ట్రీట్‌లో డాన్ బైలీ ఫ్లై షాపు ఉండేది. బైలీ గారు న్యూయార్క్‌లో సైన్స్ పాఠాలు చెప్పుకునే మనిషి, ఆ నదుల మీద ప్రేమతో ఇంతదూరం వచ్చేసి 1938లో ఆ కొట్టు పెట్టారు. నేను చూసేసరికి పెద్దాయన. మా ప్రొఫెసర్ గారు ఒక శనివారం నన్ను కూడా తీసుకెళ్లారు, లోపలికి అడుగుపెట్టగానే ముందు తగిలింది వాసన, ఈకలు, కర్పూరం ఉండలు, వార్నిష్, కాఫీ అన్నీ కలిసిన వాసన, ఇప్పటికీ నాయనమ్మ పాత పట్టుచీరల పెట్టె తీస్తే అందులో సగం వాసన వచ్చి నేను లివింగ్‌స్టన్ వెళ్లిపోతా.

గోడ నిండా చేపల బొమ్మలు. పెయింటింగులు కాదు, ఎవరైనా ఫ్లైతో 4 పౌన్లు, అంతకంటే పెద్ద ట్రౌట్, అంటే అక్కడి చల్లనీళ్ల నదుల్లో ఉండే చేప, పడితే దాని ఆకారం గీసి, పట్టినవాళ్ల పేరు రాసి గోడకి పెట్టేవారు. డాక్టరు, రైతు, రైల్వే కూలీ, ఊరికి చూడ్డానికొచ్చిన పెద్దమనిషి, అందరి చేపలూ పక్కపక్కనే. ఇంకోపక్క బల్లల ముందు ఆ ఊరి ఆడవాళ్లు కూర్చుని ఫ్లైలు కట్టేవాళ్లు. ఒకావిడ మాట్లాడుతూనే దారం తిప్పుతూ ఉంటుంది, ఈక తోక అవుతుంది, జింక వెంట్రుక రెక్క అవుతుంది, మీ అమ్మమ్మ పూలమాల కట్టేటప్పుడు చేతివేళ్లు ఎలా ఆడతాయో సరిగ్గా అలాగే. జింక వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, అందుకే నీళ్ల మీద తేలుతుందని ఆవిడే ఒకటి విరిచి చూపించింది.

అప్పుడు ఒకాయన నేను ఎక్కణ్ణుంచి వచ్చానో అడిగి, ఇండియా అనగానే సొరుగు లాగి చూపించాడు. అందులో పుంజుల మెడ తోళ్లు, ఈకలతో సహా ఎండబెట్టినవి, గోధుమ రంగు, ఎరుపు, నలుపు, కట్టలు కట్టలుగా. ఇండియన్ నెక్స్ అంటార్ట వాటిని, చాలాకాలం అక్కడి ఫ్లైలకి ఈకలు ఎక్కువగా మన దేశం నుంచీ చైనా నుంచీ వెళ్లినవే. డేగా, కాకీ, నెమలీ అని పందెం పుంజుల రంగులు గుర్తుపట్టడం చిన్నప్పుడే వచ్చినవాణ్ణి నేను, ఆ తోళ్లు ఒక్కొక్కటీ తీసి మన పేర్లు చెబుతుంటే షాపులో వాళ్లంతా చుట్టూ చేరారు. ఇల్లు వదిలి ఏడు నెలలు, ఒక్క తెలుగు మాట చెవిన పడని చోట, సొరుగులో మన కోళ్లు! కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు. మన అడవికోడి మెడ ఈకలు కూడా అక్కడివాళ్లకి అపురూపం, మైనం చుక్క అంటించినట్టు మెరుస్తాయి, కాకపోతే వాటిని పంపడం మన ప్రభుత్వం అప్పటికే ఆపేసింది, ఆపడమే మంచిదయ్యింది.

ఆ రోజు నేను కొన్నది రెండంటే రెండు ఫ్లైలు, స్టైపెండు డబ్బులు అంతే మరి. అయినా నాతో గంటసేపు మాట్లాడారు, నది ఎక్కడ ఎంత లోతుందో, ఏ పురుగు ఎప్పుడు లేస్తోందో, ఏ రైతు గట్టు మీంచి దిగనిస్తాడో కాగితం మీద మ్యాప్ గీసి మరీ ఇచ్చారు. వస్తువు కంటే ముందు నదిని చేతిలో పెట్టేవారు, మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

మా చదువు అయిపోయే వేసవిలో ప్రొఫెసర్ గారు మాడిసన్ నది మీద గైడుని మాట్లాడి నన్నూ పడవ ఎక్కించారు. డ్రిఫ్ట్ బోటు అంటారు, ముందొకరు వెనకొకరు, మధ్యలో తెడ్లతో గైడు, ప్రవాహం తోసేస్తుంటే ఆయన వెనక్కి తెడ్లు వేస్తూ పడవని నెమ్మదిగా పోనిస్తాడు. గాలం కర్రలు ముట్టుకోనివ్వలేదు మొదట. ఒడ్డున ఆపి నీళ్లలో రాయి తిరగేశాడు, దాని అడుగున ఇసుక రేణువులు అతికించుకుని గొట్టం ఇల్లు కట్టుకున్న చిన్న పురుగులు, అవి క్యాడిస్. ఇంకో రాయి కింద వేలంత నల్లటిది, సాల్మన్‌ఫ్లై పిల్ల, 3-4 ఏళ్లు నీటి అడుగునే బతికి ఒక్క వేసవిలో రెక్కలొచ్చి పైకొస్తుంది, రోజుకి కొంచెం కొంచెం పైకి, ఎగువకి జరుగుతూ లేస్తాయి, షాపుల వాళ్లు ఇవాళ ఎక్కడిదాకా వచ్చాయో బోర్డు మీద రాసేవారు. చేప తలెప్పుడూ ప్రవాహానికి ఎదురుగా పెడుతుంది, వేగంగా వెళ్లే నీళ్లూ నెమ్మదిగా ఉన్న నీళ్లూ కలిసే గీత దగ్గర కాచుక్కూర్చుంటుంది, కష్టపడకుండా తిండి దాని నోటి ముందుకే కొట్టుకొస్తుంది. ఇదంతా చెప్పి అప్పుడు ఇచ్చాడు కర్ర చేతికి.

మధ్యాహ్నం పడింది నాకు, బ్రౌన్ ట్రౌట్, ఒంటినిండా నల్లచుక్కలు, మధ్యమధ్య ఎర్రచుక్కలు. పట్టుకోబోతే చెయ్యి తడిపి పట్టుకో అన్నాడు, పొడిచెయ్యి తగిలితే వాటి ఒంటిమీది జిగట పోయి జబ్బు చేస్తుంది. కొక్కెం కొన దగ్గర చేప జారిపోకుండా వెనక్కి తిరిగి ఉండే ముల్లుని ముందే పటకారుతో నొక్కేశాడు కాబట్టి ఇట్టే వచ్చేసింది. రెండు చేతుల మధ్య తల ఎదురు ప్రవాహానికి పెట్టి నించుంటే అది ఊపిరి తీసుకుని తోక కొట్టి వెళ్లిపోయింది. సాయంత్రం ఎగువన ఉన్న క్వేక్ లేక్ కథ చెప్పాడు, 1959 ఆగస్టు 17 రాత్రి భూకంపమొచ్చి కొండ విరిగి నదిలో పడింది, 28 మంది పోయారు, నది ఆగిపోయి చెరువైపోయింది. చెప్తున్నంతసేపూ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ షాపులవాళ్లు నది కోసం నిలబడ్డారు కూడా. లివింగ్‌స్టన్ పైన ఆలెన్‌స్పర్ దగ్గర డ్యామ్ కడతామన్నప్పుడు బైలీ గారు గట్టిగా వ్యతిరేకించారు, ఆ డ్యామ్ రాలేదు. 1974లో మోంటానా వాళ్లు నదుల్లో పెంపుడు ట్రౌట్ చేపల్ని వదలడం మానేశారు, వదిలిన చోట నదిలో పుట్టిన చేపలు తగ్గిపోతున్నాయని మాడిసన్ మీదే లెక్కలు తీసి కనిపెట్టారు. చేపలు వదలకపోతే గిరాకీ పోతుందని భయపడ్డ కొట్లు ఉన్నాయి. వెస్ట్ యెల్లోస్టోన్‌లో బడ్ లిల్లీ గారు మాత్రం, ఆయనా టీచరే, తనకీ అలాంటి కొట్టే ఉన్నా చేపల్ని వదలకపోవడాన్నే సమర్థించారు, పట్టిన చేపని వదిలెయ్యమని వచ్చినవాళ్లకి నేర్పించారు. అలాంటివాళ్ల ముందు కూర్చుని నేర్చుకున్నా నేను.

డబ్బాలో ఇప్పుడు తొమ్మిది మిగిలాయి. నారింజ రంగు పెద్దది సాల్మన్‌ఫ్లై, ఎర్ర నడుం తెల్ల రెక్కలది రాయల్ వుల్ఫ్, ఆ చిన్న గోధుమరంగుది చూడండి, దాని మెడ చుట్టూ ఈక మన పుంజుదే అని నా నమ్మకం. వెనక ముల్లు నొక్కేసి ఉంది కానీ కొన గుచ్చుకుంటుంది, జాగ్రత్తగా పట్టుకోండి. జూన్‌లో కాలవకి నీళ్లు వదులుతారు, మీకు బడులు తెరిచేలోపు రెండు రోజులు రండి, లాకుల కింద రెండు నీళ్లూ కలిసే గీత ఎక్కడ పడుతుందో గట్టు మీద కూర్చుని చూద్దాం, రాయి తిరగేసే పని బుజ్జిగాడిది.

మీ తాతయ్య