సెల్టిక్ తొలి గౌరవ అధ్యక్షుడు పేదల డాక్టరు: అపోహలు - వాస్తవాలు

నేను స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో తూర్పు వైపు జనరల్ ప్రాక్టీస్ చేసే డాక్టర్ని. ఇక్కడ పేషెంటు వచ్చి కూర్చున్నాక ముందు తన నొప్పి గురించి చెప్పడు, శనివారం ఆట గురించి చెబుతాడు. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు సెల్టిక్ అభిమాని అయితే ఆ మాటల్లో ఎప్పుడో ఒకప్పుడు బ్రదర్ వాల్‌ఫ్రిడ్ పేరు వస్తుంది. స్టేడియం ముందు ఆయన విగ్రహం ఉంది, చిన్నపిల్లలకి కూడా తెలుసు. డాక్టర్ జాన్ కాన్వే అంటే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. ఆ క్లబ్బుకి తొలి గౌరవ అధ్యక్షుడు ఆయనే. ఈ పేటల్లోనే వైద్యం చేశారు, ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళనీ చూశారు.

ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేను వినే అపోహలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆట గురించినవి తక్కువ, మా వృత్తి గురించినవి ఎక్కువ. అందుకే రాస్తున్నాను.

అపోహ: క్లబ్బు పెట్టింది వాల్‌ఫ్రిడ్ ఒక్కరే. డాక్టరుది పేరుకే పదవి.

వాల్‌ఫ్రిడ్ అసలు పేరు ఆండ్రూ కెరిన్స్. 1840లో ఐర్లండ్‌లోని బాలిమోట్‌లో పుట్టి, మారిస్ట్ అనే కాథలిక్ సన్యాస సభలో చేరి, గ్లాస్గోలో సేక్రెడ్ హార్ట్ బడికి హెడ్‌మాస్టర్ అయ్యారు. క్లబ్బు వెనక పట్టుదల ఆయనదే, అందులో రెండో మాట లేదు. 1887 ఫిబ్రవరిలో ఎడిన్‌బరా ఐరిష్‌వాళ్ళ జట్టు హైబర్నియన్ స్కాటిష్ కప్పు గెలిచింది. ఆ సంబరం గ్లాస్గోలో కాల్టన్ పేటలోని సెయింట్ మేరీస్ హాల్లో జరిగింది. మనమూ ఇలాంటి జట్టొకటి పెట్టుకోలేమా అన్న ఊపు ఇక్కడి ఐరిష్‌వాళ్ళకి అప్పుడే వచ్చింది. క్లబ్బు పుట్టినరోజుగా చెప్పుకునే తేదీ అదే ఏడాది నవంబర్ 6.

ఆ తొలితరంలో భవన నిర్మాణం పనివాడు జాన్ గ్లాస్ ఉన్నారు, దర్జీ పాట్ వెల్ష్ ఉన్నారు, డాక్టరు కాన్వే ఉన్నారు. పార్క్‌హెడ్ దగ్గర ఆరెకరాల ఖాళీ స్థలం ఏడాదికి 50 పౌండ్ల అద్దెకి తీసుకున్నారు. పేటలోని జనమే పారా పలుగూ పట్టుకుని కూలి లేకుండా దాన్ని మైదానంగా మార్చారు. 1888 మే 8న అక్కడ తొలిసారి బంతి దొర్లింది. హైబర్నియన్, కౌలెయర్స్ జట్లు ఆడిన ఆ ఆటని మైదానంలోకి దిగి ప్రారంభించినవారిలో కాన్వే ఒకరు.

గౌరవ పదవి అంటే ఇప్పుడు మనకి శాలువా గుర్తొస్తుంది. ఓడరేవుల్లో, మిల్లుల్లో రోజుకూలి చేసుకునేవాళ్ళ దగ్గర చందా అడగాలంటే చేతిలో ఉన్న కాగితం మీద నమ్మకమైన పేరొకటి ఉండాలి. రాత్రిపూట తన ఇంటికొచ్చి, డబ్బు అడగకుండా బిడ్డని చూసి వెళ్ళిన మనిషి పేరు కంటే నమ్మకమైనది ఏముంటుంది? ఇది నా ఊహే. కానీ ఈ పేటలో ఇన్నేళ్ళు పనిచేశాక దీని గురించి నాకు పెద్దగా అనుమానం లేదు.

అపోహ: ఉచితంగా మందులిచ్చి వేలమంది పిల్లల్ని బతికించారు.

ఈ మాట ప్రేమతో అంటారని తెలుసు. అయినా ఆ కాలం వైద్యాన్ని ఉన్నదున్నట్టు చూడకపోతే ఆయన ఎందుకు గొప్పవారో అర్థం కాదు.

1888లో ఒక డాక్టరు సంచిలో ఏముండేదో చూడండి. మలేరియా జ్వరానికి క్వినైన్. నొప్పికి, విరేచనాలకి నల్లమందు ద్రావణం. గుండెకి డిజిటాలిస్. కీళ్ళవాతపు జ్వరానికి సాలిసిలేట్. ఆముదం. కాడ్ చేప నూనె. ఒక థర్మామీటరు, ఒక స్టెతస్కోపు. గాయాల్లో క్రిములు చేరకుండా కార్బాలిక్ ఆమ్లం ఉండేది. దాన్ని సర్జన్ జోసెఫ్ లిస్టర్ 1865లో ఈ ఊరి రాయల్ ఇన్‌ఫర్మరీలోనే, కాలు విరిగిన పదకొండేళ్ళ కుర్రాడి మీద వాడి చూపించాడు. అంతే.

క్షయ క్రిమిని జర్మన్ డాక్టరు రాబర్ట్ కోచ్ కనిపెట్టి అప్పటికి ఆరేళ్ళయింది, కానీ దాన్ని చంపే మందు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. డిఫ్తీరియాకి యాంటీటాక్సిన్ వాడకంలోకి వచ్చింది 1894 ప్రాంతంలో. న్యుమోనియాకి ఏమీ లేదు. తట్టుకి ఏమీ లేదు. కోరింతదగ్గుతో నీలం తిరిగిపోతున్న బిడ్డ పక్కన కూర్చుని, తల్లికి ధైర్యం చెప్పి, ఆవిరి పెట్టించి, తెల్లవారేదాకా చూడటమే వైద్యం.

మరి తేడా ఎక్కడొచ్చేది? కడుపు దగ్గర. తట్టు తగిలిన బిడ్డ బతకడం, బతకకపోవడం అన్నది చాలావరకు ఆ బిడ్డ అంతకుముందు ఏం తిన్నాడన్నదాని మీద ఆధారపడుతుంది. ఇది నేటి పాఠ్యపుస్తకాల్లో కూడా ఉన్న మాటే. విటమిన్ ఏ లోపించిన పిల్లల్లో తట్టు కళ్ళనీ ప్రాణాన్నీ కూడా తీస్తుంది. విటమిన్ అన్న మాట 1888లో లేదు, కానీ బక్కచిక్కిన బిడ్డే ముందు పోతుందని ఇల్లిల్లూ తిరిగే ప్రతి డాక్టరుకీ కళ్ళతో చూసి తెలుసు.

ఈ దృష్టితో సెల్టిక్ 1888 తొలి చందా పత్రం మళ్ళీ చదవండి. క్లబ్బు ముఖ్య ఉద్దేశం కప్పులు గెలవడమని అందులో లేదు. సెయింట్ మేరీస్, సేక్రెడ్ హార్ట్, సెయింట్ మైకేల్స్ పారిష్‌లలో పేద పిల్లలకి పెట్టే భోజనాల బల్లలకి డబ్బు సమకూర్చడమే అని ఉంది. పిల్లల దగ్గర ఒక్కో భోజనానికి ఒక పెన్నీ తీసుకునేవారు. అడుక్కుతిన్నట్టు కాకుండా కొనుక్కుతిన్నట్టు ఉండాలని అలా చేశారనుకుంటాను. మందు లేని రోగాలకి అప్పట్లో ఉన్న అసలైన మందు ఆ గిన్నెలోదే. ఒక డాక్టరు ఫుట్‌బాల్ క్లబ్బుకి తన పేరు ఎందుకిచ్చారని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే.

అపోహ: పేదల రోగాలకి వాళ్ళ అలవాట్లే కారణం.

నేటికీ వినిపించే అపోహ ఇది. అప్పట్లో ఇదే లోకజ్ఞానం. దీన్ని అంకెలతో కొట్టిపారేసింది గ్లాస్గో నగర ఆరోగ్యాధికారి డాక్టర్ జేమ్స్ బర్న్ రసెల్. సెల్టిక్ తొలి ఆట ఆడిన 1888లోనే, ఫిబ్రవరిలో, ఒంటిగది బతుకుల గురించి ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చారు. నగర జనాభాలో నూటికి 25 మంది ఒకే గదిలో, 45 మంది రెండు గదుల్లో బతుకుతున్నారని చెప్పారు. అయిదేళ్ళు నిండకుండా పోయే పిల్లల్లో నూటికి 32 మంది ఒంటిగది ఇళ్ళలోవాళ్ళు. అయిదు గదులు, ఆపైన ఉన్న ఇళ్ళలో పోయేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు.

ఆ ఉపన్యాసంలో నన్ను వదలని చోటు ఒకటుంది. చనిపోయిన చిన్న బిడ్డని ఒంటిగదిలో ఎక్కడ పడుకోబెడతారు? బల్ల మీదో, గిన్నెలు పెట్టుకునే అలమర మీదో, మిగతా పిల్లలకి కాస్త అడ్డం లేకుండా. ఆ పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటారు, తింటారు, పడుకుంటారు. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

ఇంకో సంగతి. చిన్న ఇళ్ళ తలుపుల మీద నగరపాలకులు రేకు బిళ్ళలు కొట్టేవారు. లోపల ఎన్ని ఘనపుటడుగుల గాలి ఉంది, ఎంతమంది పడుకోవచ్చు అన్నది దాని మీద ఉండేది. పెద్దవాళ్ళకి తలకి 300 ఘనపుటడుగులు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి అందులో సగం. తనిఖీవాళ్ళు అర్ధరాత్రి వచ్చి లెక్కపెట్టేవారు. లెక్కకి మించిన మనుషులు మంచాల కిందా, అలమరల్లో, ఒక్కోసారి ఇంటి పైకప్పుల మీదా దాక్కునేవారు. మర్నాడు వాళ్ళలో ఒకరికి దగ్గొస్తే దానికి అలవాటు అని పేరు పెట్టడం ఏం న్యాయం?

అపోహ: ఆకలి తీరితే అన్నీ తీరినట్టే.

ఇది నావైపు వాళ్ళ అపోహ కాబట్టి దీన్నీ చెప్పాలి. అప్పట్లో గ్లాస్గో పిల్లల్లో దొడ్డికాళ్ళు ఎక్కువ, అంటే ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్. దానికి భోజనాల బల్ల ఒక్కటే సరిపోదు. పొగ కమ్మిన ఆకాశం, టెనెమెంట్లు అనే ఎత్తయిన అద్దె ఇళ్ళ భవనాల మధ్య ఇరుకు సందులు, ఎండ తగలని ఒళ్ళు. సూర్యకాంతికీ రికెట్స్‌కీ సంబంధం ఉందని థియోబాల్డ్ పామ్ అనే డాక్టరు 1890లో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపంతో పిల్లల ఎముకలు బాగుచేసి చూపించాకగానీ నమ్మలేదు. కాడ్ చేప నూనె మాత్రం ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే ఎంతో కాలం ముందునుంచీ పనిచేస్తూ వచ్చింది.

అపోహ: దానధర్మం తప్ప ఇంకే ఉద్దేశమూ లేదు.

ఉంది. వేరే చర్చిల వాళ్ళు నడిపే గంజికేంద్రాలకి పోతే పిల్లలు మతం మారతారన్న భయం కాథలిక్ పెద్దలకి ఉండేది. సొంత బల్లలు పెట్టడం వెనక అదీ ఒక కారణం. అందువల్ల పిల్లలు తిన్న సూప్ చల్లారిపోదు. కానీ చరిత్ర చెప్పేటప్పుడు దీన్ని దాచడం తప్పు.

అపోహ: సెల్టిక్‌కీ, గ్లాస్గోలోని మరో పెద్ద జట్టు రేంజర్స్‌కీ పగ మొదటి రోజునుంచీ ఉంది.

1888 మే 28న ఈ రెండు జట్లూ తొలిసారి ఆడాయి. సెల్టిక్ 5-2తో గెలిచింది. తొలి గోలు నీల్ మెకాలమ్‌ది. ఆట అయ్యాక రెండు జట్లూ సెయింట్ మేరీస్ హాల్లో కలిసి భోంచేశాయి. పగలు తర్వాత పెరిగాయి. ఆ పగలు శనివారం రాత్రి ఎమర్జెన్సీ గదిలో ఎలా కనిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: అలాంటి దాతలుంటే ప్రభుత్వంతో పనేముంది?

డాక్టరుగా నన్ను ఎక్కువ బాధించే మాట ఇది. 1845 స్కాట్లండ్ పేదల చట్టం కింద ఒంట్లో సత్తువ ఉండి పని దొరకనివాడికి సాయం అడిగే హక్కు లేదు. పెద్దాసుపత్రిలో చేరాలంటే ఆ ఆసుపత్రికి చందా కట్టేవారు ఇచ్చిన చీటీ తేవాలి. చీటీ దొరకనివాడు డాక్టరు దయ మీద బతకాలి. డాక్టరుకి జ్వరమొస్తే? డాక్టరు పోతే?

క్లబ్బు సంగతీ అంతే. మొదటి సీజన్‌లో దానాలకి 400 పౌండ్లకి పైగా వెళ్ళాయి. గుంపులు పెరిగాయి, ఆటగాళ్ళ ఖర్చు పెరిగింది, స్థలం యజమాని అద్దె ఎన్నో రెట్లు పెంచాడు. 1892లో క్లబ్బు పక్కనున్న పాత ఇటుకబట్టీ స్థలానికి మారింది. ఆ ఏడాదే వాల్‌ఫ్రిడ్‌ని లండన్‌కి బదిలీ చేశారు. 1897లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. వాటాదారుల లెక్కలు ముందుకొచ్చాయి, పిల్లల భోజనాలు వెనక్కి పోయాయి. ఎవరినీ తిట్టడానికి చెప్పట్లేదు. ఒక జట్టు గెలుపోటముల మీద పిల్లాడి మధ్యాహ్న భోజనం ఆధారపడితే ఇలాగే జరుగుతుంది. బడిలో ఆకలిగా ఉన్న పిల్లలకి భోజనం పెట్టే అధికారం స్కాట్లండ్ స్కూలు బోర్డులకి 1908 చట్టంతో వచ్చింది. చీటీ లేకుండా, జేబు తడుముకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళే హక్కు 1948 జూలై 5న, ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మొదలవడంతో వచ్చింది. నాకు జీతమిచ్చే వ్యవస్థ అదే. కాన్వేకి అది లేదు. ఉచితంగా చూసిన ప్రతి పేషెంటూ ఆయన సొంత పళ్ళెంలోంచి తీసిచ్చిన ముద్దే.

సెయింట్ మేరీస్ చర్చి అబర్‌క్రాంబీ వీధిలో ఇంకా ఉంది. నా దగ్గరికొచ్చే తల్లులతో పిల్లల దగ్గు గురించి మాట్లాడేటప్పుడు మధ్యలో మామూలుగా అడుగుతాను, నిన్న రాత్రి ఏం తిన్నాడని. కొందరు వెంటనే చెబుతారు. కొందరు బిడ్డ చొక్కా సర్దుతూ నావైపు చూడరు. ఆట ఉన్న కొన్ని రోజుల్లో స్టేడియం బయట అభిమానులు, లేనివాళ్ళకి ఉచితంగా తిండి సామాన్లిచ్చే ఫుడ్‌బ్యాంకుల కోసం సామాన్లు పోగుచేస్తారు. ఒకసారి ఆ పెట్టెల్లోకి తొంగిచూశాను. బీన్స్ డబ్బాలు, పాస్తా, పసిపిల్లల పాలపొడి. ఆకుపచ్చ, తెలుపు స్కార్ఫు వేసుకున్న పెద్దాయన ఒకరు పాలపొడి డబ్బాలని మాత్రం వేరే పెట్టెలో జాగ్రత్తగా పేరుస్తున్నారు. ఎందుకని అడిగాను. "ముందు అయిపోయేవి ఇవే డాక్టరుగారూ," అన్నారు.