అడవిని లెక్కపెట్టడం: సిరోంచ వైపు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

మహారాష్ట్రలోని సిరోంచ చుట్టుపక్కల ఏ ఊరి అడవిలోనైనా మేం తాడు పరిచి నాలుగు మేకులు దిగగొట్టామంటే, కాసేపట్లో ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. "ఏం కొలుస్తున్నరు సారూ? భూమి గుంజుకుంటరా?" ఆ భయంలో తప్పేం లేదు. తాడు, మేకులు వచ్చిన చోటికి తర్వాత ఏమొస్తుందో ఈ ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు. "లేదు బాపూ, చెట్లు లెక్కపెడుతున్నం" అంటే, "చెట్లా? ఎన్నున్నయో మాకు తెల్వదా!" అని పక్కనే కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు వచ్చే మాటలే చదువుకున్నవాళ్ల దగ్గరా వింటుంటాను. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఎన్ని ఎక్కువ రకాలుంటే అంత ఎక్కువ జీవవైవిధ్యం.

సగమే నిజం. లెక్క కోసం రెండు తోపులు అనుకోండి. రెండింట్లోనూ నూరు చెట్లు, ఐదేసి రకాలు: టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ. మొదటి తోపులో 96 టేకు చెట్లు, మిగతా నాలుగు రకాలు ఒక్కొక్కటి. రెండో తోపులో ప్రతి రకమూ 20. రకాల సంఖ్య మాత్రమే రాస్తే రెండూ సమానం. కానీ రెండింట్లో నడిచిన మనిషి ఎవరూ అవి సమానం అనరు.

ఈ తేడాను అంకెల్లో చెప్పడానికి మేం ఎక్కువగా వాడేది షానన్ సూచిక. 1948లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ దాన్ని తయారు చేసింది అడవుల కోసం కాదు, టెలిఫోన్ వంటి వాటిలో వెళ్లే సందేశాల కోసం. తర్వాతి అక్షరం ఏదో ముందే ఊహించడం ఎంత కష్టమో అది కొలుస్తుంది. అడవికి అదే ప్రశ్న వేయండి: కళ్లకు గంతలు కట్టుకుని ఒక చెట్టును ముట్టుకుంటే, అదేదో ముందే చెప్పగలరా? మొదటి తోపులో "టేకు" అంటే నూటికి 96 సార్లు ఒప్పే. రెండో తోపులో ఏ పేరు చెప్పినా ఐదింట నాలుగుసార్లు తప్పే. ఒక్కో రకం వాటాను, ఆ వాటా సహజ లాగరిథంతో గుణించి, అన్నీ కూడి, మైనస్ గుర్తు తీసేస్తే మొదటి తోపుకు 0.22, రెండోదానికి 1.61 వస్తాయి. లాగరిథాన్ని తిరగేసి వీటిని మళ్లీ రకాల్లోకి మారిస్తే రెండో తోపులో నిజంగానే ఐదు రకాలున్నట్టు. మొదటి దాంట్లో? ఒకటింబావు. కాగితం మీద ఐదు, అడవిలో ఒకటింబావు!

1949లో బ్రిటిష్ గణాంకవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ ఇంకో దారి చూపించాడు: గుడ్డిగా రెండు చెట్లు ఎంచుకుంటే రెండూ ఒకే రకం కావడానికి అవకాశం ఎంత? మొదటి తోపులో 0.92, రెండో తోపులో దాదాపు 0.20.

ఈ అంకెలతో ఊరికేం పని అని ఒకరు అడిగారు. వానాకాలంలో టేకాకులు చూడండి. ఒక రకం గొంగళిపురుగు ఈనెలు వదిలి మధ్యలోదంతా తినేస్తుంది, ఆకు జల్లెడలా మిగులుతుంది. మొదటి తోపులో ఆ పురుగు లేస్తే గుట్ట మొత్తం గోధుమరంగుకు తిరుగుతుంది. రెండో తోపులో అయితే ఐదింట ఒక్క చెట్టే. టేకు మీద నాకు కోపం లేదు. అది ఇక్కడి మట్టి బిడ్డ. ఆలపల్లి దగ్గరి 6 హెక్టార్ల పాత టేకు అడవిని 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కూడా. నా అభ్యంతరమల్లా పాత అడవిని, వరసల్లో నాటిన టేకు తోటను ఒకటిగా లెక్కేయడం మీదే.

అపోహ: అడవిలో ప్రతి చెట్టునూ లెక్కపెడతారు.

అది అయ్యే పని కాదు, అవసరమూ లేదు. ఒక్కో పక్క 10 మీటర్లుండే చదరపు గడి వేసి అందులో చెట్లు, దాని లోపల 5 మీటర్ల గడిలో పొదలు, 1 మీటరు గడిలో గడ్డి, మొలకలు రాసుకుంటాం. చెట్టు చుట్టుకొలత తీసేది నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో. గడి ఎక్కడ వేయాలన్నదే అసలు పరీక్ష. మనసుకు వదిలేస్తే కాళ్లు రోడ్డు పక్కకో, నీడ బాగున్న చోటికో పోతాయి. అందుకే మ్యాప్ మీద గళ్లు గీసి, నంబర్లు వేసి, చీటీలు తీస్తాం. చీటీ ముళ్లపొదలోకి పంపితే ముళ్లపొదలోకే వెళ్లాలి.

అపోహ: వెతికినా కనపడలేదంటే అది లేనట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే "అక్కడేం లేదు" అన్న ఒక్క వాక్యంతో అడవి పోతుంది. పొన్నంగి పిట్టనే తీసుకోండి, మరాఠీవాళ్లు నవరంగ్ అంటారు. వానలకు ముందు ఈ అడవులకు వచ్చి, తెల్లవారుజామున, సాయంత్రం పిలుస్తుంది. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వెళ్లిపోతుంది. జనవరిలో మధ్యాహ్నం సర్వే చేసి "లేదు" అని రాస్తే ఆ తప్పు పిట్టది కాదు.

అందుకే ఒకే చోటికి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వేళల్లో వెళ్తాం. ప్రతిసారీ కొత్త రకాలు ఎన్ని కలిశాయో గీత గీస్తాం. గీత ఇంకా పైకే పోతుంటే పని అయిపోనట్టు. చూడనివి ఎన్ని మిగిలి ఉండొచ్చో అంచనా వేసే పద్ధతీ ఉంది. తైవాన్ గణాంకవేత్త ఆన్ చావ్ 1984లో ఇచ్చింది. ఉదాహరణకు 40 రకాలు దొరికాయి, వాటిలో ఒక్కసారే కనబడినవి 6, రెండుసార్లు కనబడినవి 3. ఆరును ఆరుతో గుణించి, మూడుకు రెట్టింపైన ఆరుతో భాగిస్తే 6. అంటే అక్కడ కనీసం 46 ఉండాలి. ఒక్కసారి మాత్రమే కనబడినవి ఎంత ఎక్కువుంటే, మన కంటబడనివి అంత ఎక్కువున్నట్టు.

అపోహ: పులి ఉందంటే అన్నీ ఉన్నట్టే.

పులి ఉందంటే దానికి తిండి, నీళ్లు, దాక్కునే చోటు ఉన్నాయని అర్థం. కెమెరా ట్రాప్‌లో, అంటే జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరాలో, చారలు చూసి పులుల్ని విడివిడిగా గుర్తుపట్టొచ్చు. కప్పల సంగతి, గడ్డి సంగతి ఆ ఫోటో చెప్పదు.

అపోహ: ఈ ఊరి అడవి, ఆ ఊరి అడవి ఒకటే.

రెండు ఊళ్లలో ముప్పయ్యేసి రకాలున్నాయనుకుందాం. రెండుచోట్లా అవే అయితే మొత్తం 30. ఒక్కటీ కలవకపోతే 60. ఒక చోటి వైవిధ్యం, చోటుకీ చోటుకీ ఉండే తేడా, మొత్తం ప్రాంతపు వైవిధ్యం, ఈ మూడింటినీ విడదీసి ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టింది అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త రాబర్ట్ విటేకర్, 1960లో. ప్రాణహిత ఇసుక తిన్నెను "ఖాళీ జాగా" అనేవాళ్లు దాని మీద ఎండాకాలంలో నెమ్మదిగా నడవాలి. ఇసుకలోనే గుడ్లు పెట్టే చిన్న పిట్టలున్నాయి, గుడ్ల రంగూ ఇసుక రంగే. దట్టమైన అడవిలో ఎంత వెతికినా అవి దొరకవు.

అపోహ: పేర్లు రాసుకోవడం తేలిక పని.

మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. తెలుగు ఊళ్లలో నల్లమద్ది అని, మరాఠీ ఊళ్లలో ఐన్ అని రాసుకుని, రెండు రకాలుగా జాబితాకెక్కించాను. మొసలి వీపులాంటి ఆ బెరడు రెండుచోట్లా ఒక్కటేనని ఒక మాడియా గోండు పెద్దాయన చేత్తో తడిమి చూపించాకే తెలిసింది. ఇప్పుడు నా పుస్తకంలో తెలుగు, మరాఠీ, మాడియా, శాస్త్రీయ నామం, నాలుగు గళ్లుంటాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ వేసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్, అంటే ఊరి మొక్కలు, జీవాలు, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసినవి ఉండే పుస్తకం, రాయాలి. అది ఆఫీసులో కూర్చుని నింపే ఫారం కాదు, ఇలాంటి పెద్దల పక్కన కూర్చుని రాయాల్సింది.

అపోహ: పెద్ద చెట్లుంటే అడవికి ఢోకా లేదు.

ఇప్ప చెట్ల కింద చూడండి. పెద్దవి నిండుగా పూస్తాయి, కానీ చిన్న మొక్కలు? పువ్వు ఏరడానికి వీలుగా మార్చి, ఏప్రిల్‌లలో కింది ఆకులు తగలబెడతారు, మొలకలు ఆ మంటలో పోతాయి. గింజల్ని నూనెకు ఏరుకుంటారు. ఏరేవాళ్లను తప్పుపట్టను, ఆ నెలల్లో ఇల్లు నడిచేది దానితోనే. అందుకే చెట్లను చుట్టుకొలత ప్రకారం వరసలుగా విడదీసి చూస్తాం. లావువి మాత్రమే ఉండి, సన్నవి, మొలకలు లేకపోతే ఆ జాతికి ఇక్కడ తర్వాతి తరం లేదన్నమాట.

మాతో తిరిగే ఒకామె ఈ ఏడు నిప్పు పెట్టకుండా చెట్టు కింద పాత చీరలు కుట్టి పరిచింది. పక్క చెట్టు కింద ఎప్పటిలాగే ఆకులు తగలబెట్టారు. రెండింటి కిందా మీటరు గడులు వేసి మేకులు దిగగొట్టి ఉంచాం. వానలు పడ్డాక వెళ్లి మొలకలు లెక్కపెట్టాలి.