జాన్ రాబర్ట్స్ ఎందుకు అటు మొగ్గారు? ఒబామాకేర్ తీర్పుపై అపోహలు, వాస్తవాలు

రాజ్యాంగ కేసులు చదవడం, వాదించడం నా వృత్తి. అధ్యక్షుడు ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌పై 2012 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రస్తావన వస్తే చాలు, తోటి న్యాయవాదులు కూడా తీర్పును పక్కనబెట్టి న్యాయమూర్తి మనసు చదవడం మొదలుపెడతారు. రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ నియమించిన చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్, డెమొక్రాట్ల చట్టాన్ని 5–4తో నిలబెట్టారంటే ఏదో మతలబు ఉండే ఉంటుందని వారి అనుమానం. ఉండవచ్చు. ముందు కాగితం మీద ఏముందో చూద్దాం.

అపోహ: ప్రభుత్వ వాదనను రాబర్ట్స్ పూర్తిగా ఒప్పుకున్నారు.

వాస్తవం: ప్రధాన వాదనను ఆయన తోసిపుచ్చారు. అందరూ ఆరోగ్య బీమా కొనాలన్న నిబంధనకు అంతర్రాష్ట్ర వాణిజ్యంపై కాంగ్రెస్‌కున్న అధికారమే ఆధారమని ప్రభుత్వం వాదించింది. జరుగుతున్న వ్యాపారాన్ని నియంత్రించవచ్చు గానీ, కొననివాడిని బజారుకు లాక్కురాకూడదని రాబర్ట్స్ రాశారు. న్యాయమూర్తులు స్కాలియా, కెన్నెడీ, థామస్, అలీటోలది అసమ్మతి తీర్పే అయినా ఈ ఒక్క అంశంలో వారిదీ అదే మాట. ఆ భాగం వినగానే సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్ నిబంధనను కోర్టు కొట్టేసిందని ప్రకటించి, నిమిషాల్లోనే సర్దుకోవలసి వచ్చింది. తర్వాతి పేజీల్లో అదే నిబంధన పన్ను విధించే అధికారం కింద నిలబడింది. కన్జర్వేటివ్‌లు చాలాకాలంగా కోరుకుంటున్న సూత్రం వారికి దక్కింది, చట్టం ఒబామాకు దక్కింది. పాము చావకుండా, కర్ర విరగకుండా.

అపోహ: పన్ను అన్న వాదన ఆయనే అప్పటికప్పుడు పుట్టించారు.

వాస్తవం: అది ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్ డొనాల్డ్ వెరిల్లీ ప్రత్యామ్నాయంగా వినిపించిన వాదనే. బీమా కొననివారు కట్టవలసిన సొమ్మును చట్టం జరిమానా అంది, ఒబామా కూడా అంతకుముందు పన్ను కాదనే చెప్పారు. అయితే 2019లో అది సున్నా అయ్యేదాకా ఆ సొమ్మును వసూలు చేసింది ఆదాయపు పన్ను శాఖ, అదీ వార్షిక రిటర్నుతో పాటు. కట్టకపోతే క్రిమినల్ కేసు ఉండేది కాదు. చట్టానికి రెండు అర్థాలు సాధ్యమైనప్పుడు దాన్ని నిలబెట్టే అర్థాన్నే తీసుకోవాలన్నది అక్కడా, ఇక్కడా పాత సూత్రమే. పేరును కాక స్వభావాన్ని చూడడమూ మనకు కొత్త కాదు. 1954 నాటి శిరూరు మఠం కేసులో, మద్రాసు దేవాదాయ చట్టం కింద వసూలు చేస్తున్న రుసుము నిజానికి పన్నేనని మన సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు చిక్కు వేరేచోట ఉంది. పన్ను కట్టకముందే దాన్ని కోర్టులో సవాలు చేయకూడదని 1867 నాటి చట్టం ఒకటి అంటుంది. దాని వరకు ఇది పన్ను కాదని, అందుకే కేసు వినవచ్చని రాబర్ట్స్ అన్నారు. రాజ్యాంగం దగ్గరకు వచ్చేసరికి పన్నే అన్నారు. కాంగ్రెస్ తన చట్టంలో తాను వాడిన మాటకు తానే అర్థం చెప్పుకోగలదు, రాజ్యాంగం మాత్రం స్వభావాన్నే చూస్తుంది అన్నది ఆయన సమాధానం. తర్కం నిలుస్తుంది. కానీ ఇది గడుసుతనమని ఎవరైనా అంటే నేను వాదనకు దిగను.

అపోహ: ఒబామా ఒత్తిడికి లొంగి ఓటు మార్చుకున్నారు.

వాస్తవం: ఆయన మొదట కన్జర్వేటివ్‌లతో ఉండి తర్వాత మారారని, తీర్పు వచ్చిన కొద్ది రోజులకే సీబీఎస్ విలేకరి జాన్ క్రాఫర్డ్ రాశారు. తర్వాత ఇతరులూ రాశారు. మారడం వరకు నమ్మవచ్చు. ఆ కోర్టులో తొలి ఓటు తుది ఓటు కాదు, ముసాయిదాలు తిరిగే దశలో అభిప్రాయాలు మారుతుంటాయి. కారణం మాత్రం లోగుట్టు పెరుమాళ్లకెరుక. 2005లో సెనేటర్‌గా తన నియామకానికి వ్యతిరేకంగా ఓటేసిన ఒబామాకు ఆయన మొహమాటపడవలసిన పని లేదు.

నాకు నమ్మదగినదిగా తోచే కారణం కోర్టు పరువు. 2000లో బుష్, గోర్ ఎన్నికల వివాదం, 2010లో ఎన్నికల్లో కంపెనీల ఖర్చుకు తలుపు తెరిచిన సిటిజన్స్ యునైటెడ్ కేసు, రెండూ కన్జర్వేటివ్ న్యాయమూర్తులే నెగ్గిన 5–4 తీర్పులు. అధ్యక్ష ఎన్నికలకు నాలుగు నెలల ముందు, రిపబ్లికన్లు నియమించిన ఐదుగురే కలిసి డెమొక్రాట్ అధ్యక్షుడి ప్రధాన చట్టాన్ని పడగొడితే జనం ఏమనుకుంటారు? దీన్ని రాజకీయం అనాలనుకుంటే అనవచ్చు, పార్టీ రాజకీయం మాత్రం కాదు.

అపోహ: రాబర్ట్స్ లిబరల్ అయిపోయారు.

వాస్తవం: మరుసటి ఏడాదే షెల్బీ కౌంటీ కేసులో, ఓటింగులో జాతి వివక్షను అడ్డుకునే ఓటింగ్ హక్కుల చట్టానికి కోరలు పీకిన తీర్పు రాసింది ఆయనే.

అపోహ: చట్టం నెగ్గింది కాబట్టి లిబరల్స్ కోల్పోయిందేమీ లేదు.

వాస్తవం: టీవీ చర్చల్లో పెద్దగా వినిపించకపోయినా, పేదలను అన్నిటికన్నా ఎక్కువగా తాకింది పేదల ఆరోగ్య బీమా పథకమైన మెడికెయిడ్ భాగమే. ఆ పథకాన్ని విస్తరించని రాష్ట్రానికి అప్పటికే ఇస్తున్న మెడికెయిడ్ నిధులన్నీ ఆపేయవచ్చని చట్టం చెప్పింది. ఇది తలకు తుపాకీ పెట్టడమేనన్నారు రాబర్ట్స్. లిబరల్ న్యాయమూర్తులు బ్రేయర్, కేగన్ కూడా ఆయనతో కలిశారు, ఆ భాగంలో లెక్క 7–2. బేరం కుదిరిందా? ఆధారం లేదు, గుసగుసలు మాత్రం ఆగలేదు. ఫలితంగా విస్తరణ రాష్ట్రాల ఇష్టమైంది. టెక్సస్, ఫ్లోరిడా ఒప్పుకోలేదు. బీమా కొనుగోలుకు కేంద్ర సబ్సిడీ పేదరిక రేఖ దగ్గర మొదలవుతుంది, ఆ కిందివారిని మెడికెయిడ్ చూసుకుంటుందని చట్టం రాసినవారు అనుకున్నారు. దాంతో ఆ రాష్ట్రాల్లో ఆ రేఖకు కిందనున్న, పిల్లలు లేని వయోజనుల్లో చాలామందికి ఇదీ లేదు, అదీ లేదు. వారికన్నా కాస్త ఎక్కువ సంపాదించే పొరుగింటివారికి మాత్రం సబ్సిడీ అందుతుంది.