థర్మామీటర్‌కు కనపడని వేడి

ఒక కిలో ఐసు తీసుకుందాం. దాని ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్. కింద ఒక కిలోవాట్ హీటర్ పెట్టి వేడి చేస్తూ పోదాం. వేడి బయటికి ఏమాత్రం పోవడం లేదని, పుట్టిన ఆవిరి కూడా పైకి జరిగే మూత కింద అలాగే ఉందని అనుకుందాం. సమయాన్ని అడ్డంగా, ఉష్ణోగ్రతను నిలువుగా వేసి గ్రాఫ్ గీస్తే వచ్చేదే కెమిస్ట్రీ పుస్తకాల్లో కనిపించే హీటింగ్ కర్వ్.

మొదటి 42 సెకన్లలో ఐసు సున్నా డిగ్రీలకు చేరుతుంది. అక్కడితో థర్మామీటర్ ఆగిపోతుంది. హీటర్ మాత్రం ఆగలేదు, సెకనుకు వెయ్యి జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) చొప్పున వేడి ఇస్తూనే ఉంది. ఐదున్నర నిమిషాల పాటు ఐసు కరుగుతుంది, పాత్రలో నీళ్లు పెరుగుతాయి, ఉష్ణోగ్రత మాత్రం సున్నా దాటదు. చివరి ముక్క కరిగాక నీరు వేడెక్కడం మొదలై ఏడు నిమిషాల్లో 100 డిగ్రీలకు వస్తుంది. మళ్లీ ఆగుతుంది. ఈసారి ఆ ఆగడం దాదాపు 38 నిమిషాలు! నీరంతా ఆవిరయ్యాక, ఆ ఆవిరి 100 నుంచి 120 డిగ్రీలకు పోవడానికి 40 సెకన్లు చాలు.

మొత్తం సుమారు 52 నిమిషాల్లో 43 నిమిషాలు థర్మామీటర్ కదలనే లేదు. అంటే మనం ఇచ్చిన వేడిలో నూటికి 84 వంతులు ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ కూడా పెంచలేదు. ఈ గ్రాఫ్‌లో ఏటవాలు గీతల కంటే చదునుగా ఉన్న గీతలే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. మన తరగతుల్లో మాత్రం గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు, గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీలు (గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడే ఒక కేలరీ) అని రెండు అంకెలు బట్టీ పట్టించి, ఒక లెక్క చేయించి వదిలేస్తారు. పదార్థం గురించి ఇంత లోతైన విషయం చెప్పే గ్రాఫ్‌కు అది అన్యాయం.

చదును గీత మీద ఏం జరుగుతోంది? ఉష్ణోగ్రత అంటే అణువులు సగటున ఎంత జోరుగా కదులుతున్నాయో చెప్పే కొలత. ఐసులో ప్రతి నీటి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని ఒక క్రమంలో నిలబడి ఉంటుంది. సున్నా దగ్గర మనం ఇచ్చే వేడి ఆ క్రమాన్ని చెదరగొట్టడానికే ఖర్చవుతుంది, అణువుల వేగం పెరగడానికి ఏమీ మిగలదు. అయితే కరిగినంత మాత్రాన అణువులు విడిపోవు. ద్రవంలోనూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, కాకపోతే ఆ పట్టు క్షణక్షణం తెగుతూ, మరొక అణువుతో కలుస్తూ ఉంటుంది. అందుకే గ్రాముకు 80 కేలరీలు సరిపోతాయి. ఆవిరి కావడం వేరు. అక్కడ ప్రతి అణువూ పక్కవాటి నుంచి పూర్తిగా తెంచుకుని బయటపడాలి. పైగా ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1,670 మిల్లీలీటర్ల చోటు కావాలి, చుట్టూ ఉన్న గాలిని నెట్టి ఆ చోటు చేసుకోవడానికీ కొంత శక్తి పడుతుంది. అందుకే 540 కేలరీలు.

ఈ చదును గీతలను మొదట అర్థం చేసుకున్నవాడు జోసెఫ్ బ్లాక్. 1728లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టి, స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఐసు కరిగే స్థాయికి వచ్చాక ఇంకాస్త వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుందని ఆ రోజుల్లో అందరూ అనుకునేవారు. అదే నిజమైతే చలికాలం పోయి ఎండ కాసిన మొదటి రోజే కొండల మీది మంచంతా ఒక్కసారిగా కరిగి ఊళ్లను ముంచెయ్యాలి కదా అని బ్లాక్ వాదించాడు. మంచు వారాల తరబడి నిదానంగా కరుగుతుందని అందరూ చూస్తూనే ఉన్నారు, దాని అర్థం మాత్రం ఎవరికీ తట్టలేదు.

వాదనతో ఆగకుండా కొలిచాడు కూడా. ఒకే రకం గాజు బుడ్డీలు రెండు తీసుకున్నాడు. ఒకదానిలో ఐసు, మరొకదానిలో అంతే బరువున్న, గడ్డకట్టడానికి కాస్త ముందున్న నీరు. రెంటినీ 47 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న ఒక పెద్ద హాల్లో ఉంచాడు. నీరు 33 నుంచి 40 ఫారన్‌హీట్‌కు రావడానికి అరగంట పట్టింది. ఐసు కరిగి అదే 40కి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. అరగంటకు 7 డిగ్రీల చొప్పున పదిన్నర గంటల్లో అందిన వేడి 147 డిగ్రీలకు సరిపడుతుంది. కరిగిన నీరు వేడెక్కడానికి, అంటే ఐసు కరిగే 32 ఫారన్‌హీట్ నుంచి 40కి రావడానికి, వాడిన ఎనిమిది డిగ్రీలు తీసేస్తే 139. ఈనాటి కొలతల ప్రకారం అది సుమారు 144. రెండు బుడ్డీలు, ఒక థర్మామీటర్, ఒక గడియారం, అంతే ఆయన దగ్గరున్న సరంజామా. ఎలాంటి యంత్రమూ లేకుండా అసలు విలువకు అంత దగ్గరగా వెళ్లాడంటే నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

1762లో మరిగే నీటి మీదా ఇలాంటి ప్రయోగమే చేశాడు. ఎర్రగా కాలిన ఇనుప పొయ్యి మీద పెట్టిన నీరు నాలుగు నిమిషాల్లో మరగడం మొదలైంది, పూర్తిగా ఆవిరైపోవడానికి మరో 20 నిమిషాలు పట్టింది. కొన్నేళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్, న్యూకొమెన్ ఆవిరి యంత్రం నమూనాను సరిచేస్తూ ఒక వింత గమనించాడు. కొంచెం నీటి నుంచి వచ్చిన ఆవిరి, దానికి ఆరు రెట్ల బరువున్న చన్నీళ్లను మరిగే దాకా తీసుకువస్తోంది! ఆశ్చర్యపోయి బ్లాక్‌ను అడిగితే, ఆయన ఈ గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రతను పెంచకుండా పదార్థంలో దాగిపోయే వేడి, సంగతి వివరించాడు. మనమూ లెక్క చూడొచ్చు. 10 డిగ్రీల నీరు మరగాలంటే గ్రాముకు 90 కేలరీలు కావాలి, 540లో 90 ఆరు సార్లు.

ఇది తెలిస్తే వంటింట్లో కొన్ని పనులు మారతాయి. పప్పు తెర్లుతున్నప్పుడు మంట పెద్దది చేస్తే పప్పు త్వరగా ఉడకదు. నీటి వేడి అక్కడే ఉంటుంది, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది, గ్యాస్ ఖర్చవుతుంది. వేడి పెరగాలంటే చదును గీతనే పైకి జరపాలి, కుక్కర్ చేసేది అదే. లోపల ఒత్తిడి పెరిగేసరికి నీరు 120 డిగ్రీల దగ్గర గానీ మరగదు. ఒత్తిడి తగ్గితే గీత కిందికి దిగుతుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతుంది, విశాఖలో 100కి. ఇక ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు జాగ్రత్త. ఒక గ్రాము మరిగే నీరు చర్మం మీద పడితే ఒంటి వేడికి చల్లారేలోగా 63 కేలరీలు వదులుతుంది. అదే ఒక గ్రాము ఆవిరైతే నీరుగా మారుతూనే ముందు 540 వదిలి, ఆ పైన ఈ 63 కూడా ఇస్తుంది.

అన్ని పదార్థాలకూ ఇంత స్పష్టమైన చదును గీతలు రావు. కొవ్వొత్తి మైనం రకరకాల అణువుల మిశ్రమం, ముందు మెత్తబడి కొద్దికొద్దిగా కరుగుతుంది. గాజులో అణువులు క్రమంగా అమరి ఉండవు, అందుకే దానికి ఫలానా డిగ్రీ దగ్గర కరుగుతుందని చెప్పడానికే లేదు. ల్యాబుల్లో ఒక పదార్థం స్వచ్ఛంగా ఉందో లేదో తేల్చడానికి అది ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరుగుతోందా అని చూడటం ఈనాటికీ వాడుకలో ఉన్న పద్ధతి. కర్పూరం సంగతి ఇంకోటి: గది వేడిలోనే ద్రవం కాకుండా నేరుగా ఆవిరవుతుంది, డబ్బా మూత సరిగా పెట్టకపోతే తరిగిపోతుంది.

గుప్తోష్ణం ఎంత భారీగా పనిచేయగలదో కోస్తా వాళ్లకు చెప్పక్కర్లేదు. నీరు ఆవిరి కావాలంటే మరగనక్కర్లేదు. బంగాళాఖాతం నీరు 26, 27 డిగ్రీలు దాటి వెచ్చగా ఉన్నప్పుడు ఉపరితలం నుంచి పెద్ద ఎత్తున ఆవిరవుతుంది, ప్రతి కిలో ఆవిరీ 2,400 కిలోజౌళ్లకు పైగా వేడిని తనతో తీసుకుపోతుంది. పైన చల్లబడి మేఘంగా మారేటప్పుడు ఆ వేడినంతా అక్కడి గాలికి ఇచ్చేస్తుంది. గాలి వేడెక్కి ఇంకా పైకి లేస్తుంది, కింద ఒత్తిడి పడిపోతుంది, చుట్టుపక్కల తేమగాలి లోపలికి దూసుకువస్తుంది. తుపాను నడిచేది ఈ ఇంధనంతోనే. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడిందంటే, ఆ నీరు మేఘంగా మారేటప్పుడు వదిలిన వేడి దాదాపు 67 లక్షల యూనిట్ల కరెంటుతో సమానం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తోసుకొచ్చిన గాలులకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.

నేల మీదికి వచ్చాక వెచ్చటి సముద్రం ఉండదు, ఆవిరి అందదు, తుపాను నీరసిస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ కూడా ఛత్తీస్‌గఢ్ చేరేసరికి బలహీనపడింది. కానీ దానిలోని తేమ ఉత్తరానికి సాగుతూనే ఉంది. రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల దగ్గర ఆ తేమ మంచుగా కురిసింది. ఆ మంచు తుపానులో, హిమపాతాల్లో 40 మందికి పైగా చనిపోయారు.